గ్రాఫ్ గీయడం వచ్చు, చదవడం రాదు: ఇంటర్ ఎకనామిక్స్‌లో ఒక కేస్ స్టడీ

క్లాసులో మంచి మార్కులు తెచ్చుకుంటూనే డిమాండ్ రేఖను (ఏ ధరకు ఎంత కొంటారో చూపే గీతను) తిరగేసి అర్థం చేసుకున్న ఒక విద్యార్థిని కేసు ఇది. ఆమె పొరపాటుకు కారణం చదువులో వెనకబాటు కాదు, లెక్కల్లో బలం. ఇది తెలిసేసరికి నాకు చాలా సమయం పట్టింది. ఎంఈసీ (లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్ గ్రూపు) పిల్లలకు పాఠం చెప్పే ప్రతి లెక్చరర్‌కూ ఇలాంటి పిల్లలు ఏటా ఒకరిద్దరైనా తగులుతారని నా నమ్మకం. అందుకే రాసి పెడుతున్నాను. ఆ అమ్మాయి, ఆమె తండ్రి ఒప్పుకున్నాకే రాశాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

రాయలసీమలో ఒక చిన్న పట్టణంలోని జూనియర్ కాలేజీ. అమ్మాయి పదో తరగతి దాకా జిల్లా పరిషత్ స్కూల్లో తెలుగు మీడియం చదివింది. లెక్కల్లో మంచి మార్కులు. సీఏ చేయాలన్న పట్టుదలతో ఎంఈసీలో చేరింది. ఇంటర్ ఇంగ్లిష్ మీడియం, క్లాసులో మేం చెప్పేది మాత్రం చాలావరకు తెలుగులోనే. ఇంటి దగ్గర బోరు కింద కాస్త పొలం ఉంది, టమోటా వేస్తారు. సెలవుల్లో ఈ అమ్మాయి కూడా కోతకు వెళ్తుంది, బాక్సుల లెక్క రాస్తుంది, మండీలో ఆ రోజు రేటు ఎంత పలికిందో ఫోన్లో కనుక్కుంటుంది.

అప్పటి బోర్డు పేపర్ తీరు తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది. 100 మార్కులు. 10 మార్కుల ప్రశ్నలు 3, 5 మార్కులవి 8, 2 మార్కులవి 15 రాయాలి. ఏ సెక్షన్‌లోనైనా ఛాయిస్ ఉంటుంది. డిమాండ్ సూత్రం (ధర పెరిగితే కొనేది తగ్గుతుంది, ధర తగ్గితే పెరుగుతుంది) వివరించండి అంటే నిర్వచనం, పట్టిక, పటం, వివరణ, మినహాయింపులు వరసగా రాస్తే మార్కులు పడతాయి. గిఫెన్ వస్తువుల (ధర పెరిగినా ఎక్కువ కొనే నాసిరకం సరుకుల) గురించి రెండు వాక్యాలు చేరిస్తే ఇంకా మంచిది. ఈ అమ్మాయి ఇవన్నీ పొందిగ్గా రాసేది. పటం స్కేలుతో, అక్షాలకు పేర్లతో, పుస్తకంలో ఉన్నట్టే ఉండేది. క్వార్టర్లీలో క్లాసుకే ఎక్కువ మార్కులు ఆమెవి.

సమస్య ఎలా బయటపడింది

ఇంటర్ తర్వాత రాయబోయే సీఏ ఫౌండేషన్‌కు (సీఏ కోర్సు మొదటి పరీక్షకు) ముందునుంచే అలవాటు కావాలని మా ఎంఈసీ పిల్లలకు అప్పుడప్పుడు మాదిరి పరీక్షలు పెడతాం. ఫౌండేషన్‌లో ఎకనామిక్స్ పేపర్ మొత్తం బహుళైచ్ఛిక ప్రశ్నలే. తప్పు జవాబుకు పావు మార్కు కోత. ప్రతి పేపర్‌లో 40 శాతం, అన్నీ కలిపి 50 శాతం రావాలి. మొదటి మాదిరి పరీక్షలో ఈ అమ్మాయికి ఎకనామిక్స్‌లో పాస్ మార్కులు కూడా రాలేదు. లెక్కల పేపర్‌లో ఆమే ఫస్ట్. ఆ సాయంత్రం స్టాఫ్ రూమ్ బయట నిలబడి, "మేడం, నాకు ఎకనామిక్స్ రాదేమో, గ్రూపు మారిపోతాను" అంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

జవాబు పత్రం ముందు పెట్టుకుని చూశాను. తప్పులు పుస్తకమంతా చెల్లాచెదురుగా లేవు. నిర్వచనాలు, ఆర్థికవేత్తల పేర్లు, సంవత్సరాలు అడిగినవన్నీ ఒప్పే. డిమాండ్, సప్లై (అమ్మేవాళ్లు ఏ ధరకు ఎంత అమ్ముతారన్నది), సమతౌల్యం (కొనేదీ అమ్మేదీ సమానమయ్యే చోటు) మీద ఏదైనా మారితే ఏమవుతుందని అడిగినవి మాత్రం దాదాపు అన్నీ తప్పు. ఒక ప్రశ్న ఇది: సప్లై మారకుండా డిమాండ్ పెరిగితే సమతౌల్య ధర ఏమవుతుంది? ఆమె జవాబు: తగ్గుతుంది. పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో సన్నగా రాసుకున్న ముక్క ఒకటి ఉంది: "ఎక్స్ పెరిగితే వై తగ్గాలి."

ఆ పెన్సిల్ గీత నన్ను ఆపింది. అయినా వెంటనే ఏ నిర్ణయానికీ రాలేదు. మీడియం మారిన పిల్లల్లో ప్రశ్న అర్థంకాక తప్పు పెట్టేవాళ్లు ఎక్కువ. అందుకని ముందు ఆ అనుమానం తీర్చుకోవాలనుకున్నాను. మర్నాడు పిలిచి తెలుగులోనే, నోటితో అడిగాను.

"శ్రావణమాసంలో పూలు కొనేవాళ్లు పెరుగుతారు కదమ్మా, రేటు ఏమవుతుంది?"

"పెరుగుతుంది మేడం."

"మరి పేపర్లో డిమాండ్ పెరిగితే ధర తగ్గుతుందని పెట్టావే?"

"అది బజారు సంగతి మేడం. గ్రాఫ్ ప్రకారమైతే తగ్గాలి కదా."

భాష సమస్య కాదని తేలిపోయింది. తెలియక ఊహించి పెట్టడం కూడా కాదు. బజారు ఎలా నడుస్తుందో ఆమెకు బాగా తెలుసు. గ్రాఫ్ ఇంకేదో చెబుతోందని, పరీక్షలో గ్రాఫ్ మాటే వినాలని ఆమె గట్టిగా అనుకుంటోంది.

మొదట చేసినవి, ఫలితం ఇవ్వనివి

మా దగ్గర మామూలుగా చేసేది పటాలు మళ్లీ మళ్లీ గీయించడం. డిమాండ్ రేఖ మీద కదలిక ఒక పటం, రేఖే కుడికో ఎడమకో జరగడం ఇంకో పటం. రెండూ పక్కపక్కన గీయించాను. పటం చేతికి అలవాటైతే తేడా కంటికి కనిపిస్తుందని ఆశించాను. గీతలు అందంగా వచ్చాయి. కానీ ఏ ప్రశ్నకు ఏ పటం గీయాలన్న దగ్గర ఆమె మళ్లీ ఆగిపోయేది. ప్రశ్నలో "ధర పెరిగింది" అని కనిపిస్తే మొదటి పటం, "ఆదాయం పెరిగింది" అని కనిపిస్తే రెండో పటం అని కొండగుర్తు పెట్టుకుంది. "టీ ధర పెరిగింది, కాఫీ డిమాండ్ రేఖ ఏమవుతుంది?" అన్న ప్రశ్నలో "ధర పెరిగింది" అని చూసి మొదటి పటం గీసింది. కొండగుర్తు అక్కడే దెబ్బతీసింది. ఇంకా గీయిస్తూ పోతే ఆ కొండగుర్తే బలపడుతుందనిపించి ఆపేశాను.

తర్వాత ఆమె ఇంటి పంటనే పాఠంలోకి తెచ్చాను. పిల్లలకు తెలిసిన దానితో మొదలుపెట్టమని అందరూ చెప్పేదే. పేపర్లో రోజూ వచ్చే టమోటా మార్కెట్ వివరాలు, అంటే ఎంత సరుకు వచ్చింది, రేటు ఎంత పలికింది అన్నవి కొన్నాళ్లపాటు రాసుకుని గ్రాఫ్ గీసి తెమ్మన్నాను. చాలా శ్రద్ధగా చేసింది. ఎక్స్ అక్షం మీద వచ్చిన సరుకు, వై అక్షం మీద రేటు. చుక్కలు చాలావరకు ఎడమ పైనుంచి కుడి కిందికి వాలుతూ వచ్చాయి. నా టేబుల్ మీద పెట్టి, "చూడండి మేడం, కాయ ఎక్కువ వస్తే రేటు పడిపోతుంది. ఎక్స్ పెరిగితే వై తగ్గింది. డిమాండ్ సూత్రం ఇదే కదా" అంది. అంతవరకు ఉన్న కాస్త సందేహం కూడా ఆమెకు పోయింది.

నేను ఎక్కువ ఆలోచించింది ఇక్కడే. ఆమె గీసిన చుక్కల్లో తప్పు లేదు. సరుకు ఎక్కువ వస్తే రేటు పడిపోతుందన్నదీ నిజమే. కానీ అది డిమాండ్ సూత్రం చెప్పే కథ కాదు. డిమాండ్ సూత్రంలో ముందు మారేది ధర, దాన్ని బట్టి కొనేవాళ్లు ఎంత కొంటారన్నది మారుతుంది. మార్కెట్ చుక్కల్లో ముందు మారింది సరుకు. వానకో, తెగులుకో, కోతలు ఒకేసారి రావడం వల్లో సప్లై రేఖ అటూ ఇటూ జరుగుతుంటే, కదలకుండా ఉన్న డిమాండ్ రేఖ మీద కొత్త కొత్త చోట్ల సమతౌల్యం ఏర్పడుతుంది. ఆ చుక్కలన్నీ కలిపితే డిమాండ్ రేఖలాగే కనిపిస్తుంది. అందుకే ఆమె పొరపాటు ఆమెకు కనిపించలేదు. మార్కెట్లో రోజూ కనిపించే ధర, పరిమాణం రెండు రేఖలూ కలిసి తేల్చినవి. డిమాండ్ పాఠం ఇంకా తేలని పిల్లల ముందు వాటిని పెడితే గందరగోళం పెరుగుతుంది. మార్కెట్ లెక్కలు పాఠం చివర్లో రావాలి, మొదట్లో కాదు.

అసలు చిక్కు ఎక్కడుందంటే

మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్న వాక్యానికి మళ్లీ వచ్చాను. పదో తరగతి లెక్కల్లో పిల్లలకు వచ్చే అలవాటు ఒకటుంది: ఎక్స్ విలువ మనం ఇస్తాం, దాన్ని బట్టి వై వస్తుంది. కింది అక్షం కారణం, నిలువు అక్షం ఫలితం. డిమాండ్ పటంలో ఇది తిరగబడి ఉంటుంది. కారణమైన ధర నిలువు అక్షం మీద, ఫలితమైన పరిమాణం కింది అక్షం మీద ఉంటాయి. లెక్కలు బాగా వచ్చిన పిల్ల ఆ పటాన్ని తనకు నేర్పిన పద్ధతిలోనే చదివింది: పరిమాణం పెరిగితే ధర తగ్గుతుంది. పరిమాణానికీ (ఒక ధర దగ్గర కొనేది) డిమాండ్‌కూ (అన్ని ధరల దగ్గరా కొనేవాటి మొత్తం పట్టిక) తేడా పట్టకపోతే, తర్వాతి అడుగులో అది "డిమాండ్ పెరిగితే ధర తగ్గుతుంది" అవుతుంది.

ఈ ఏర్పాటు మొదటినుంచీ ఇలా లేదు. 1838లో ఫ్రెంచ్ ఆర్థికవేత్త కూర్నో డిమాండ్‌ను ధర మీద ఆధారపడేదిగా రాసి, ధరను కింది అక్షం మీదే పెట్టాడు. 1890లో వచ్చిన తన గ్రంథంలో ఇంగ్లిష్ ఆర్థికవేత్త మార్షల్ ధరను నిలువు అక్షం మీద పెట్టాడు. ఇంత సరుకుకు కొనేవాళ్లు ఎంత ధర ఇవ్వడానికి సిద్ధపడతారు అన్న వైపునుంచి ఆయన ఆలోచించాడు కాబట్టి ఆయనకది సహజం. పుస్తకాలన్నీ మార్షల్ దారినే పట్టాయి. సూత్రాన్ని మాత్రం ధర నుంచి పరిమాణానికి చెబుతూ, పటాన్ని అటునుంచి ఇటు గీస్తూ వచ్చాయి. మా పాఠ్యపుస్తకమూ అంతే. పట్టికలో ధర మొదటి వరస, పటంలో ధర నిలువు అక్షం. ఈ మార్పు గురించి పిల్లలకు ఒక్క ముక్క కూడా చెప్పం.

ఏది పనిచేసింది

పటం పక్కన పెట్టేసి పట్టికతో మొదలుపెట్టాను. పట్టికలో ఏది ముందు, ఏది తర్వాత అన్నదాంట్లో అయోమయం ఉండదు. పైగా పట్టిక పుస్తకంలోంచి కాకుండా మనుషుల్లోంచి రావాలనుకున్నాను. కాలేజీ గేటు దగ్గర సమోసాల బండి ఉంది. క్లాసులో ఈ అమ్మాయినే నిలబెట్టి అడగమన్నాను: సమోసా 5 రూపాయలైతే ఈ రోజు మీరు ఎన్ని కొంటారు? 10 అయితే? 15 అయితే? 20 అయితే? చీటీల మీద రాసిచ్చారు. కూడితే 5 రూపాయలకు 62, 10కి 40, 15కి 22, 20కి 9. రేటు చెప్పింది తను, సంఖ్య వచ్చింది క్లాసు నుంచి. ఏది ప్రశ్న, ఏది జవాబు అన్నది ఆమె నోటితోనే జరిగింది.

తర్వాత ఈ పట్టికకు గ్రాఫ్ గీయమన్నాను, లెక్కల క్లాసులో గీసినట్టే. ధర కింది అక్షం మీద పెట్టి గీసింది. ఆ పక్క పేజీలో అక్షాలు మార్చి గీయించాను. అప్పుడు కూర్నో, మార్షల్ సంగతి చెప్పాను. కాసేపు రెండు పేజీలూ మార్చి మార్చి చూసి, "అయితే నేను చదివే పద్ధతి తప్పు కాదా మేడం? అక్షాలే అటూ ఇటూ అయ్యాయా?" అంది. గ్రూపు మారతానన్న మాట ఆ తర్వాత రాలేదు. తనకు ఏదో లోపం ఉందన్న టెన్షన్ పోవడం ఈ కేసులో చిన్న విషయం కాదు.

రెండో మెట్టు రేఖ జరగడం. అదే క్లాసును మళ్లీ అడిగించాను, ఒక్కటి మాత్రం మార్చి: ఈ రోజు ఎవరూ క్యారేజీ తెచ్చుకోలేదనుకోండి, ఇప్పుడు ఎన్ని కొంటారు? 5కి 80, 10కి 58, 15కి 37, 20కి 18 వచ్చాయి. పాత పట్టిక పక్కనే కొత్త పట్టిక రాసింది. సమోసా ధర మారితే ఒకే పట్టికలో పైకీ కిందికీ వెళ్తాం. ఇంకేదైనా మారితే పట్టికే మారిపోతుంది. "ఇతర పరిస్థితులు మారకుండా ఉంటే" అన్న మాటను ప్రతి జవాబులోనూ ఆమె రాస్తూనే ఉండేది. అది ఎందుకుందో ఈ రెండు పట్టికలు చూశాకే తెలిసిందని తనే చెప్పింది. ఆ మాట ఒక పట్టికకు హద్దు. హద్దు దాటితే కొత్త పట్టిక.

ఆ తర్వాత ఏ ప్రశ్న వచ్చినా పెన్ను పెట్టేముందు పెన్సిల్‌తో మూడు ముక్కలు రాయమన్నాను. ముందు మారింది ఏది? అది ఈ వస్తువు ధరేనా, వేరేదా? మారిన పట్టిక కొనేవాళ్లదా, అమ్మేవాళ్లదా? టీ, కాఫీ ప్రశ్నకు ఆమె రాసింది: "టీ ధర. వేరేది. కొనేవాళ్లది." అంతే, కాఫీ డిమాండ్ రేఖ కుడివైపుకు జరుగుతుందని దానంతటదే వచ్చింది. మొదట్లో ఒక్కో ప్రశ్నకు చాలా సమయం తీసుకునేది. తొందరపెట్టలేదు. ఫౌండేషన్‌లో టైమ్ తక్కువన్నది నిజమే, కానీ వేగం కోసం ఇప్పుడు కొండగుర్తులిస్తే మళ్లీ మొదటికే వస్తాం.

డిమాండ్, సప్లై రెండు పట్టికలూ ఆమె చేతిలో కుదిరాక, పాత టమోటా గ్రాఫ్ తీయమన్నాను. ఈసారి నేనేమీ చెప్పలేదు. మూడు ముక్కలూ ఆమే రాసుకుంది: ముందు మారింది సరుకు, ధర కాదు, పట్టిక అమ్మేవాళ్లది. "అయితే ఇవన్నీ సప్లై జరిగిన చుక్కలు మేడం, డిమాండ్ అక్కడే ఉంది" అంది. తర్వాత గీత నుంచి పక్కకు తప్పుకున్న చుక్కల మీద వేలు పెట్టింది. అవి పెళ్లిళ్ల రోజులవి. సరుకు తగ్గకపోయినా రేటు ఎక్కువ. "ఇక్కడ కొనేవాళ్ల పట్టిక మారింది." ముందు గందరగోళపెట్టిన గ్రాఫే ఇప్పుడు ఆమెకు రెండు రేఖల్నీ విడదీసి చూపించింది.

అక్కడినుంచి వ్యాకోచత్వానికి (ధర మారితే కొనే పరిమాణం ఎంత శాతం మారుతుందన్న కొలతకు) వెళ్లడం తేలికైంది. సమోసాల మొదటి పట్టికలో మొత్తం వసూలు ఎంతో లెక్కగట్టమన్నాను. 5 రూపాయల దగ్గర 310, 10 దగ్గర 400, 15 దగ్గర 330, 20 దగ్గర 180. ధర 5 నుంచి 10కి పెరిగితే వసూలు పెరిగింది, అక్కడ డిమాండ్ అవ్యాకోచం, అంటే ధర మారినంతగా కొనేది మారదు. ఆపైన పెంచితే వసూలు పడిపోయింది, అక్కడ వ్యాకోచం. టమోటా మాటేమిటని తనే అడిగింది. వెయ్యి కిలోలు కిలో 20 చొప్పున అమ్మితే 20,000. పంట బాగా పండి పదిహేను వందల కిలోలు వచ్చి, రేటు 10కి పడితే 15,000. కోత కూలి, బండి కిరాయి, కమీషన్ ఎటూ తప్పవు. "కాయ బాగా కాసిన ఏడాదే మా నాయన అప్పు చేసినాడు మేడం. ఎందుకో ఇప్పుడు తెలిసింది" అంది. రోజూ వంటకు కావాల్సిన టమోటాకు డిమాండ్ అవ్యాకోచంగా ఉంటుంది. రేటు సగమైనంత మాత్రాన ఎవరూ రెట్టింపు తినరు. అందుకే సరుకు కాస్త పెరిగినా రేటు బాగా పడిపోతుంది, సరుకు కాస్త తగ్గినా ఎగిరిపోతుంది. 2023 జూలైలో దేశమంతా కిలో 100 రూపాయలు దాటింది ఇందుకే. ఆ రోజు ఈ సంగతి మిగతా క్లాసుకు ఆమెతోనే చెప్పించాను.

ఫలితం, దాని హద్దులు

తర్వాతి మాదిరి పరీక్షల్లో ఈ రకం ప్రశ్నల్లో తప్పులు క్రమంగా తగ్గాయి. ఇంటర్ మంచి మార్కులతో పాసైంది, ఫౌండేషన్ కూడా దాటింది. ఆ ఘనతంతా ఈ పద్ధతిదే అనను. కోచింగ్ తీసుకుంది, రాత్రీపగలూ కష్టపడింది. నేను గట్టిగా చెప్పగలిగేది ఒకటే: ఏదైనా మారితే ఏమవుతుందన్న ప్రశ్నల్లో ఆమె తర్కం సరిదిద్దుకుంది, పరీక్ష పేపర్ మీద మిగిలిన పెన్సిల్ రాతల్లో అది కనిపించింది.

స్థూల అర్థశాస్త్రంలో (దేశం మొత్తం ఆర్థిక వ్యవస్థ గురించిన భాగంలో) ఇది అంతగా పనికిరాలేదు. జాతీయాదాయం లెక్కల్లో చిక్కు వేరు. ఏది కలపాలి, ఏది కలపకూడదు అన్నది అక్కడ ముఖ్యం. రెండో సంవత్సరం భారత ఆర్థిక వ్యవస్థలో అసలు సందర్భమే రాదు. అక్కడ ఆమె మామూలు విద్యార్థినిలాగే కష్టపడింది.

ఇంకోటి చెప్పాలి. సీఈసీ, హెచ్ఈసీ (ఎకనామిక్స్ ఉండి లెక్కలు లేని గ్రూపులు) క్లాసుల్లో అక్షాలు మార్చి గీయించడం నేను చేయను. అక్కడి పిల్లల్లో చాలామందికి ఎక్స్ ముందు, వై తర్వాత అన్న అలవాటే బలంగా ఉండదు. వాళ్లు గ్రాఫ్‌ను ఒక బొమ్మలా గుర్తుపెట్టుకుంటారు. ఒకసారి చూపిస్తే, లేని సందేహం కొత్తగా పుట్టింది. వాళ్లకు పట్టికలు, మూడు ప్రశ్నలు చాలు. చీటీల పట్టిక మాత్రం ఏ గ్రూపుకైనా పనిచేసింది. ధర అడిగేది ఒకరు, సంఖ్య చెప్పేది ఇంకొకరు కావడమే అందులో కీలకం.

ఇప్పుడు నేను పాటించే వరస

ఎంఈసీ క్లాసులో డిమాండ్ పాఠం మొదలుపెట్టిన రోజే, పటం గీయకముందే అక్షాల సంగతి చెప్పేస్తున్నాను. ముందు పట్టిక, తర్వాత లెక్కల పద్ధతిలో పటం, ఆ తర్వాత పుస్తకంలోని పటం. మార్కెట్ ధరల గ్రాఫ్ సమతౌల్యం అయ్యేదాకా తీయను. నోటితో ఒకటి, పేపర్ మీద ఒకటి జవాబు చెప్పే పిల్లలు దొరికితే, ఎందుకు తేడా వచ్చిందో వాళ్లనే చెప్పమంటాను. తప్పు దిద్దేముందు ఆ కారణం వినడం వల్లే ఈ కేసు తేలింది.

లెక్కలు బాగా వచ్చిన పిల్లల్లో ఇంకో చిక్కు కూడా ఉంది, దాని మీద ఇంకా పనిచేస్తున్నాను. సరళరేఖ వాలు అంతటా ఒకటే కాబట్టి వ్యాకోచత్వం కూడా అంతటా ఒకటే అనుకుంటారు. ఈ అమ్మాయీ అలాగే అనుకుంది. ధర 1 రూపాయి పెరిగితే పరిమాణం 1 తగ్గే రేఖ ఇచ్చి, 15 రూపాయల దగ్గర 5, 10 దగ్గర 10, 5 దగ్గర 15 వస్తువులు కొంటారని చెప్పి, మూడు చోట్లా శాతాల్లో లెక్కగట్టించాను. వ్యాకోచత్వం 3, 1, మూడో వంతు వచ్చాయి. లెక్క చేశాక నమ్మింది, కానీ తర్వాతి పరీక్షలో మళ్లీ వాలునే వ్యాకోచత్వం అని రాసింది. ప్రస్తుతం కొత్త బ్యాచ్‌తో రేఖ గీయకుండా, వసూలు పట్టికతోనే వ్యాకోచత్వం మొత్తం చెప్పి చూస్తున్నాను.